తొంభై పెన్నీల ఆదివారం

స్కిప్టన్,
9 అక్టోబర్ 2022

మా ఇంటి కరెంటు మంత్రి మావిస్‌కి,

పార్సిల్ అందింది. డెబ్బై ఎనిమిదో పుట్టినరోజుకి సొంత చెల్లెలు మంచి శాలువా పంపుతుందనుకున్నాను. పోనీ, చాక్లెట్ల డబ్బా. విప్పి చూస్తే స్లో కుక్కర్, గంటల తరబడి ఉడికించే కరెంటు కుండ! దానికి తోడు నీ చేతిరాతలో చీటీ: "అక్కా, ఇక మీదట ఓవెన్ జోలికి వెళ్ళకు, కరెంటు మండిపోతోంది." ఇంత ముద్దుగా పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పిన మనిషి నాకు ఇంతవరకూ తగల్లేదు.

బరువు మాత్రం బాగానే ఉంది. పోస్ట్‌మాన్ దాన్ని గుమ్మంలో దించి, నడుము పట్టుకుని నా వంక ఒక చూపు చూశాడు, అదేదో నేను కావాలని తెప్పించుకున్నట్టు. మీ బావ మూత తీసి లోపలికి తొంగిచూసి, "పూలకుండీయా?" అన్నాడు. నలభై ఒక్క ఏళ్ళు మాంసం కొట్టు నడిపిన మనిషికి అది వంటపాత్రలా కనబడలేదంటే తప్పు ఎవరిదో నువ్వే ఆలోచించుకో.

ఇదంతా ఫోన్‌లో చెప్పొచ్చు. కానీ పోయిన ఈస్టర్‌కి మనిద్దరం పోట్లాడుకుని ఒకరి మాట ఒకరం వినకుండా ఫోన్ పెట్టేసిన తీరు గుర్తుందిగా. కాగితం మీదైతే నువ్వు నా మాటకి అడ్డు తగల్లేవు. స్టాంపు ఖర్చయితే అయింది, ఉత్తరాలే నయం.

నీ చీటీకి జవాబు ఇది. మా ఇంట్లో ఆదివారం రోస్ట్ పెళ్ళయిన నాటి నుంచి ఓవెన్‌లోనే అవుతోంది, ఇక ముందూ అంతే. మోర్కాంబ్‌లో మీరేం చేస్తారో నాకు తెలియదు. ఇక్కడ మాంసాన్ని కాలుస్తారు, వేణ్ణీళ్ళ స్నానం చేయించరు.

అమ్మ నేర్పిన మర్యాద ఒకటి ఏడ్చింది కాబట్టి, థాంక్స్.

నీ అక్క,
బెరిల్


మోర్కాంబ్,
14 అక్టోబర్

ఓవెన్ మహారాణి బెరిల్ అక్కకి,

నీ థాంక్స్‌ని ఫ్రేము కట్టించి హాల్లో తగిలించాను. చూసినప్పుడల్లా కళ్ళు చెమరుస్తున్నాయి.

ఇప్పుడు ఆ పూలకుండీ సంగతి. స్కూలు వంటింట్లో ముప్పై ఏళ్ళు లెక్కలు రాసిన దాన్ని, గాలిలోంచి మాట్లాడను. మా వంటింట్లో కరెంటు వాడకం చూపించే చిన్న తెర ఒకటి బిగించారు. ఓవెన్ వేశానంటే దాని మీద అంకెలు చూడలేక నేనే అవతలి గదిలోకి వెళ్ళిపోతాను. రెండున్నర గంటల రోస్ట్‌కి తొంభై పెన్నీలు. అదే మాంసం స్లో కుక్కర్‌లో ఎనిమిది గంటలు ఉడికినా నలభై దాటలేదు. వారానికి యాభై పెన్నీలు మిగులు. ఏడాదికి ఇరవై ఆరు పౌండ్లు! ఇరవై ఆరు పౌండ్లకి నీకు శాలువా వస్తుంది, అంత ముచ్చటగా ఉంటే.

ఈ నెలలో ధర మళ్ళీ పెరిగింది, చూశావా? లండన్‌లో మంత్రులు వారానికొకరు మారుతున్నారు గానీ మా మీటరు ఒక్కటే ఏ తడబాటూ లేకుండా పైకి వెళ్తోంది. మా పక్కింటావిడ పొద్దున్నే లైబ్రరీకి పోయి సాయంత్రం దాకా అక్కడే అల్లిక పెట్టుకుని కూర్చుంటోంది, హీటర్ ఖర్చు లేకుండా. పుస్తకం మాత్రం ఇంతవరకూ ఒక్కటీ తెరవలేదు.

ఒక్క ఆదివారం వాడి చూడు. బావకి నచ్చలేదంటే నేను నోరు మూసుకుంటాను. ఇదిగో, కాగితం మీద రాసిచ్చాను.

ఏడాదికి ఇరవై ఆరు పౌండ్లు మిగిల్చే నీ చెల్లెలు,
మావిస్


స్కిప్టన్,
24 అక్టోబర్

మావిస్,

నిన్న వాడాను. ఫలితాలు వివరంగా రాస్తాను, నీకు లెక్కలంటే ప్రాణం కదా.

పొద్దున ఎనిమిదింటికి మాంసం అందులో పెట్టాను. తొమ్మిదికల్లా ఇల్లంతా వాసన. తొమ్మిదింపావుకి మీ బావ టై కట్టుకుని వచ్చి బల్ల ముందు కూర్చున్నాడు. "ఇంకా ఏడు గంటలు పడుతుంది, వెళ్ళి పేపరు చూసుకో" అన్నాను. సరేనని వెళ్ళాడు. పదింటికి మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. పదకొండుకి, పదకొండున్నరకి, పన్నెండుకి. మొత్తం తొమ్మిదిసార్లు. ఓవెన్‌లో అయితే వాసన ఆఖరి గంటలోనే వస్తుంది, ఆయనా ఒక్కసారే వస్తాడు. ఈ ఖర్చు నీ చిన్న తెర మీద కనబడుతుందా?

తర్వాత బంగాళదుంపలు. నీ కుండలో అవి ఎర్రగా కాలవు. యార్క్‌షైర్ పుడ్డింగుల పిండి పొంగదు. పుడ్డింగు లేకుండా రోస్ట్ పెట్టానని తెలిస్తే ఈ వీధిలో నాతో మాట్లాడేవాళ్ళుండరు. కాబట్టి వాటి కోసం ఓవెన్ ఎలాగూ వేశాను. అంటే నీ నలభై, నా తొంభై, వెరసి నూట ముప్పై. నీ పొదుపు నాకు నలభై పెన్నీల నష్టం తెచ్చింది. ఇలాగే ఇంకో ఏడాది పొదుపు చేస్తే ఇల్లు అమ్ముకోవాలి.

మాంసం మెత్తగానే ఉంది, కాదనను. గరిటె తగిలితే చాలు, పోగులు పోగులుగా విడిపోయింది. మీ బావ క్లిఫర్డ్ కత్తి నూరుకుని వచ్చి నిలబడ్డాడు. కొయ్యడానికి ఏమీ లేదు.

ఆయనకి నచ్చలేదు. మాట ఇచ్చావు కాబట్టి నోరు మూసుకో.

బెరిల్


మోర్కాంబ్,
30 అక్టోబర్

అక్కా,

నోరు మూసుకుంటానన్నాను. చెయ్యి ఆపుకుంటానని అనలేదు.

తొమ్మిదిసార్లు వచ్చి కూర్చున్న మనిషికి నచ్చలేదా? మా ఆయన హెరాల్డ్, పాపం పోయాడు గానీ, నా వంటకి పిలిస్తే ఒక్కసారీ వచ్చేవాడు కాదు. అసలు వాసన చాలు బావ నోరూరిపోవడానికి అని నాకు అర్థమైంది. నీకు ఎందుకు అర్థం కాలేదంటే, ఓటమి ఒప్పుకోవడం నీ వంట్లో లేదు.

బంగాళదుంపల్ని పొయ్యి మీద పెనంలో వేయించుకో. పుడ్డింగులు కొట్లో ఫ్రీజర్‌లో దొరుకుతాయి. ఇప్పుడు నువ్వు గుండె పట్టుకున్నావని తెలుసు, కాస్త నీళ్ళు తాగి మిగతాది చదువు.

ఇక ఆ కత్తి. నిజం చెబుతున్నాను అక్కా, మీ ఇంట్లో ఆ తతంగం మొదటినుంచీ నాకు నవ్వొచ్చేది. అందరూ చేతులు కట్టుకుని కూర్చోవాలి. ఆయన రాజుగారిలా నిలబడి ముక్కలు కోసి, ఎవరికెంతో ఆయనే నిర్ణయించి పంచాలి. గ్రేవీ చల్లారిపోతున్నా ఎవరూ కిక్కురుమనకూడదు. ఎనభై మూడేళ్ళొచ్చాయి, ఇంకా కొట్లోనే ఉన్నాననుకుంటున్నాడా? ఆ కత్తికి పూజ చెయ్యడం కోసం వారం వారం తొంభై పెన్నీలు తగలేస్తారా? చెంచాతో తినమని చెప్పు బావకి. నీకు ధైర్యం లేకపోతే నేనే చెబుతాను.

మావిస్


(పోస్ట్‌కార్డు. బొమ్మ: వానలో స్కిప్టన్ కోట)
5 నవంబర్

చెంచా నువ్వే వాడుకో.
బెరిల్


మోర్కాంబ్,
15 నవంబర్

అక్కా,

పది రోజులు ఊరుకున్నాను. నీ పోస్ట్‌కార్డు చూసి ఇక ఊరుకోవడమే మేలనుకున్నాను. కానీ నిన్న మీ వీధి జాయిస్ నుంచి ఉత్తరం వచ్చింది. చర్చిలో పాటలు పాడే జాయిస్, తెలుసుగా, ఎవరింట్లో ఏం జరిగినా ముందు ఆమెకే తెలుస్తుంది.

బావ మంగళవారం తన పాత కొట్టుకి వెళ్ళాడట. ఇప్పుడక్కడ ఫోన్‌లకి తొడుగులు అమ్ముతున్నారట కదా. అక్కడి అమ్మాయితో, "మా ఇంట్లో నాకు అన్నం పెట్టలేదు, పొద్దున్నుంచీ ఏమీ తినలేదు" అన్నాడట. ఆ పిల్ల జాలిపడి తన శాండ్‌విచ్ ఇచ్చిందట. ఆయన నిలబడే తినేశాడట.

ఇది నాకు ముందే తట్టాల్సింది. మీ దగ్గర డబ్బు లేదు. అదీ సంగతి. నోరు తెరిచి అడగడానికి నీకు నామోషీ. ఆదివారం ఓవెన్ దర్జా కోసం మిగతా ఆరు రోజులు మనిషిని పస్తు పెడుతున్నావా? ఇంతకాలం నేను నీతో యాభై పెన్నీల గురించి వాదిస్తుంటే నవ్వుకున్నావో ఏడ్చావో కూడా తెలియదు.

నలభై పౌండ్లు ఇందులో పెట్టాను. ఇంకో పని కూడా చేశాను, తిట్టుకో. మీ కౌన్సిల్‌లో ముసలివాళ్ళ సాయం చూసే వాళ్ళకి రాశాను. అక్కాబావలు చలికి, తిండికి ఇబ్బంది పడుతున్నారు, ఒకసారి వెళ్ళి చూడండి అని. ఉత్తరం పోస్టయిపోయింది.

మావిస్


స్కిప్టన్,
19 నవంబర్

నలభై పౌండ్లు తిప్పి పంపుతున్నాను. రెండు నోట్లూ ఉన్నాయో లేదో చూసుకో, నీకు లెక్క తప్పితే నిద్రపట్టదు.

మా ఇంట్లో ఎవరూ పస్తు లేరు. జాయిస్‌కి ఊరి సంగతులు మొయ్యడానికి జీతం ఎవరిస్తున్నారో కనుక్కో, నువ్వే అయితే ఆ ఖర్చు తగ్గించుకో. కౌన్సిల్ నుంచి ఎవరొచ్చినా గుమ్మంలోంచే పంపించేస్తాను.

బెరిల్


మోర్కాంబ్,
25 నవంబర్

అక్కా,

నోట్లు రెండూ అందాయి. ఇంటికొచ్చిన కౌన్సిల్ మనిషినీ పంపించెయ్యి. ఉత్తరాలు పంపించెయ్యి. నన్నూ పంపించేశావుగా. అమ్మ పోయాక నాకు మిగిలింది నువ్వొక్కదానివి, నీకు నాకంటే ఒక ఇనప పెట్టె ఎక్కువైంది.

వచ్చే ఆదివారం నీ గర్వాన్ని కూడా అందులోనే పెట్టి కాల్చు. బాగా ఎర్రగా వస్తుంది.

మావిస్


స్కిప్టన్,
2 డిసెంబర్

మావిస్,

నిన్ను తిట్టాలని ఇప్పటికి మూడుసార్లు కూర్చున్నాను. మొదటి రెండు కాగితాలూ చింపేశాను. ఇది చింపను.

కౌన్సిల్ నుంచి బుధవారం ఒకావిడ వచ్చింది. గుమ్మంలోంచే పంపించేద్దామని తలుపు తీసేసరికి, మీ బావ నా వెనక నుంచి వచ్చి, "లోపలికి రండి మేడమ్, చలిగా ఉంది" అన్నాడు. వచ్చింది. మంచి మనిషే. హీటర్ చూసింది, ఫ్రిజ్ తెరిచి చూసింది. అంతా నిండుగా ఉంది. తర్వాత ఆయనతో మాటలు కలిపింది. ఇవాళ ఏం వారం అని అడిగింది. ఆదివారం అన్నాడు. ప్రధానమంత్రి ఎవరని అడిగింది. ఈ ఏడాది ముగ్గురు మారారు, ఆ ప్రశ్నకి నేనే తడబడతాను, దానికి ఆయన్ని తప్పుపట్టను. ఆఖరికి, "ఈవిడ మీకేమవుతారు?" అని నన్ను చూపించింది. ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "చాలా మంచావిడ. ఇక్కడే పనిచేస్తుంది" అన్నాడు.

రెండేళ్ళయింది మావిస్. డాక్టరు చెప్పేశాడు, ఇది తగ్గేది కాదని. తిన్న అరగంటకి తినలేదంటాడు. ఆ మంగళవారం కూడా కడుపునిండా తిని, నేను బట్టలు ఆరేస్తుంటే తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ రోజు కుండ ముందు తొమ్మిదిసార్లు కూర్చున్నది నోరూరి కాదు. వచ్చిన ప్రతిసారీ ఆయనకి అదే మొదటిసారి.

నీకు ఎందుకు చెప్పలేదో తెలుసా? నీకు చెబితే దానికీ ఒక లెక్క వేసి పంపుతావని భయం. ఇంట్లో ఉంచుకుంటే ఇంత, ముసలివాళ్ళ హోమ్‌లో పెడితే ఇంత, తేడా ఇంత అని. నిన్ను అలా అనుకున్నందుకు సిగ్గుగా ఉంది. కానీ అనుకున్నాను.

వారంలో ఆరు రోజులు ఆయనకి నేను ఎవరో ఒకరిని. ఒకసారి వాళ్ళమ్మని, ఒకసారి కొట్లో గల్లాపెట్టె దగ్గర కూర్చునే అమ్మాయిని. చొక్కా గుండీలు నేనే పెట్టాలి. ఆదివారం మాత్రం, మాంసం ఓవెన్‌లోంచి బయటికి రాగానే, ఎవరూ చెప్పకుండానే లేచి చేతులు కడుక్కుంటాడు. కత్తి నూరుతాడు. కోసిన ప్రతి ముక్కా ఒకే మందం. చెయ్యి వణకదు. "కొవ్వు వెయ్యనా బెరిల్, వద్దా?" అని అడుగుతాడు. నా పేరు పెట్టి. పది నిమిషాలు అలా ఉంటాడు. ఆ పది నిమిషాలకి తొంభై పెన్నీలు అవుతుంది. నాకది ఎక్కువనిపించలేదు.

నీ కుండ వాడిన రోజు కత్తి పట్టుకుని ఆ పోగుల వంక చూస్తూ నిలబడ్డాడు. "ఎవరో కోసేశారే. నన్ను పన్లోంచి తీసేశారా?" అన్నాడు. తర్వాత గోడ వైపు తిరిగి ఏడ్చాడు. పెళ్ళయిన యాభై ఆరేళ్ళలో ఆయన ఏడవడం నేను చూడలేదు. నీకు మాత్రం నచ్చలేదని రాశాను.

ఆవిడ వెళ్ళబోతూ గోడకున్న కత్తి చూసింది. ఆయనే వాడతారని నోరు జారి చెప్పాను. "మీరొక్కరే ఉన్నప్పుడు ఆయన చేతికి అంత కత్తి ఇవ్వొద్దమ్మా. పక్కన ఇంకో మనిషి ఉంటే సరే. లేదంటే దాచెయ్యండి" అంది. ఆవిడ అన్నదాంట్లో తప్పులేదు. కానీ ఇంకో మనిషి నాకెక్కణ్ణించి వస్తారు? పిల్లలు లేరు. జాయిస్‌ని పిలిస్తే ముందు వరసలో కూర్చుని చూసి, సాయంత్రానికి ఊరంతా పాడుతుంది.

కత్తి దాచేశాను. ఎల్లుండి మాంసం నేనే వంటింట్లో కోసి ప్లేటులో పెట్టి తెస్తాను. ఆ తర్వాత నా పేరు నాకు ఎవరు గుర్తుచేస్తారో తెలియదు.

బెరిల్


మోర్కాంబ్,
7 డిసెంబర్

అక్కా,

నీ ఉత్తరం పోస్టువాళ్ళ సమ్మె దాటుకుని ఇవాళ చేరింది. అంటే పోయిన ఆదివారం అయిపోయింది. దానికి నేనేమీ చెయ్యలేను.

నువ్వు భయపడ్డట్టే లెక్క వేశాను. మోర్కాంబ్ నుంచి స్కిప్టన్‌కి మారే పని లేకుండా రైలు ఉంది. రానూ పోనూ పదిహేడు పౌండ్లు. తొంభై పెన్నీల రోస్ట్ కోసం. ఇంత తెలివితక్కువ లెక్క నేను జన్మలో వెయ్యలేదు, నా చేత స్కూలు లెక్కలు రాయించినవాళ్ళు చూస్తే పెన్షన్ ఆపేస్తారు. ఆదివారం పన్నెండుకల్లా మీ ఇంట్లో ఉంటాను. ఆ పై ఆదివారమూ అంతే. వద్దని రాయకు, రాసినా నేను ఇంట్లో ఉండను.

ఇంకో మనిషి కావాలందిగా ఆవిడ. నేను మనిషిని. కొన్నాళ్ళుగా అలా లేననుకో.

ఆ కత్తి గురించి నేను రాసిన ఉత్తరం చింపెయ్యి. చెంచా అన్న మాట తలుచుకుంటే నాకు అన్నం దిగడం లేదు. క్షమించమని అడగడం నాకు చేతకాదని నీకు తెలుసు. అయినా అడుగుతున్నాను.

మాంసం పెద్ద ముక్క తీసుకో. కత్తి బయటికి తీసి పెట్టు.

మావిస్


స్కిప్టన్,
12 డిసెంబర్

మావిస్,

ఇక్కడికి వస్తూ రైల్లో హీటర్ పనిచేసిందని, ఆ ఆనందంలో ఒక స్టేషన్ ముందుకి వెళ్ళిపోయావని నీ మెసేజ్ జాయిస్ చదివి వినిపించింది. ఆమె ఫోన్‌కి ఎందుకు పంపావో దేవుడికే తెలియాలి. ఇప్పుడు ఊరందరికీ తెలిసింది, మా చెల్లెలికి దిగడం చేతకాదని.

నువ్వు నిన్న చూడనిది ఒకటి రాయాలి. భోజనం దగ్గర ఆయన నిన్ను గుర్తుపట్టలేదు, అది చూశావు. ఎన్ని ముక్కలు కావాలి మేడమ్ అని అడిగితే నువ్వు రెండు అని, గ్రేవీ గిన్నె కోసమన్నట్టు వంటింట్లోకి వెళ్ళిపోయావు. గ్రేవీ బల్ల మీదే ఉంది.

నువ్వు స్టేషన్‌కి వెళ్ళాక ఆయన కత్తి కడిగి, తుడిచి, నా చేతికిచ్చి, "ఆ మేడమ్ ఎవరు బెరిల్?" అన్నాడు.

"నా చెల్లెలు. మావిస్."

"డబ్బులిచ్చిందా?"

"లేదు."

"అడక్కు. మొహం చూస్తే ఇంట్లో ఒక్కతే తినే మనిషిలా ఉంది. వాళ్ళు ఎప్పుడూ ఒక ముక్క తక్కువే అడుగుతారు. నేను మూడు వేశాను, చూసుకోలేదు. వచ్చే ఆదివారం కూడా ఆమెకి పక్కన పెట్టు, మర్చిపోకు. నేను మర్చిపోవచ్చు."

పక్కన పెడుతున్నాను. రా.

నీ అక్క,
బెరిల్